తిమింగలం తలమీద నుంచి చిమ్మేది నీళ్ళా, ఊపిరా?

ప్రశ్న: ఉదయసముద్రం, నల్లగొండ

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఏడవ తరగతి చదువుతున్నాడు. బడిలో జరగబోయే సైన్సు ప్రదర్శన కోసం సముద్ర జీవుల చార్టు గీస్తూ, తిమింగలం తలమీద నుంచి నీళ్ళు ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతున్నట్టు బొమ్మ వేశాడు. చిన్నప్పుడు నేను చూసిన బొమ్మలన్నీ అలాగే ఉండేవి కాబట్టి నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. అయితే నీలం రంగు వేస్తూ వేస్తూ వాడే ఆగిపోయి, "అమ్మా, ఈ రంధ్రంలో నుంచే అది ఊపిరి తీసుకుంటదని పుస్తకంలో ఉంది. మరి అందులో నీళ్ళుంటే ఊపిరి ఎట్లా ఆడుతది?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

మేము ఆదివారం సాయంత్రాలు పానగల్లులోని ఉదయసముద్రం కట్టమీదికి నడకకు వెళ్తుంటాము. పేరుకు సముద్రమే గాని అది చెరువు. అసలు సముద్రాన్ని మా వాడు ఇంతవరకు చూడలేదు. ఆ చెరువులో మెడల దాకా మునిగి పడుకున్న బర్రెలు ముక్కుపుటాలను మాత్రం నీటిపైన ఉంచుకోవడం వాడు శ్రద్ధగా గమనించాడు. కొర్రమట్ట చేప కూడా ఉండుండి పైకి వచ్చి నోటితో గాలి గుటక వేసి పోతుందని అక్కడ చేపలు పట్టే ఒక పెద్దాయన వాడికి చూపించాడు. ఇప్పుడు వాడి సందేహమంతా ఒకటే: తిమింగలం బర్రెలాంటిదా, కొర్రమట్టలాంటిదా? నోరు తెరిచి అన్ని నీళ్ళు మింగే జంతువుకు ఊపిరితిత్తుల్లోకి నీరు ఎందుకు పోదు? తెలిసినవారు వివరంగా చెప్పగలరు. పిల్లవాడికి నేనే చదివి వినిపిస్తాను.

జవాబు 1: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

అమ్మా, మీ అబ్బాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది. నేను ముప్పై ఏళ్ళ పాటు ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. బర్రెను, కొర్రమట్టను పక్కపక్కన పెట్టి తిమింగలం గురించి అడిగిన విద్యార్థి నాకు ఒక్కరూ తగలలేదు. సూటిగా చెప్పాలంటే తిమింగలం బర్రెలాంటిది. మాటవరసకు అంటున్నది కాదు, గిట్టల జంతువులకు అది నిజంగానే చుట్టం. ఆ సంగతి తరువాత చెబుతాను.

కొర్రమట్ట చేప. దానికి మొప్పలున్నాయి. నీటిలో ప్రాణవాయువు తక్కువైనా బతకగలిగేలా దాని తలలో, మొప్పలకు పైభాగాన, గాలిని పీల్చుకునే ప్రత్యేకమైన గదులు ఏర్పడ్డాయి. అందుకే అది పైకి వచ్చి నోటితో గాలి మింగుతుంది. తిమింగలానికి మొప్పలు లేనే లేవు. నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును అది ఒక్క చుక్క కూడా వాడుకోలేదు. మనలాగే ఊపిరితిత్తులతో, పైనున్న గాలినే పీల్చుకోవాలి. తలమీద కనిపించే ఆ రంధ్రం దాని ముక్కు. బర్రెకు మూతి చివర ఉన్న ముక్కుపుటాలే తిమింగలానికి నడినెత్తికి చేరాయని అనుకుంటే సరిపోతుంది. బర్రె ముక్కు మునగకుండా నీటిపైన ఉంచడానికి మెడ ఎత్తవలసి వస్తుంది. తిమింగలానికి ఆ శ్రమ లేదు, వీపు తేలితే చాలు, ముక్కు దానంతట అదే గాలిలో ఉంటుంది.

ఇక అందరూ పొరబడే విషయానికి వస్తాను. మన ముక్కు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వ్యవసాయ బావిలో దూకేటప్పుడు పిల్లలు రెండు వేళ్ళతో ముక్కు మూసుకునేది అందుకే. తిమింగలం ముక్కు ఎప్పుడూ మూసే ఉంటుంది. కండరాలు వదులుగా ఉన్నప్పుడు దానికి మూత పడి ఉంటుంది. పైకి వచ్చినప్పుడు కండరాలను బిగించి ఆ మూతను లాగి తెరవాలి. బిగింపు వదలగానే అది మళ్ళీ మూసుకుంటుంది. నిద్రలోనైనా, అలసటలోనైనా నీరు లోపలికి పోకుండా ఈ ఏర్పాటు కాపాడుతుంది. నీలి తిమింగలం వంటి పెద్దవాటికి ఆ రంధ్రాల ముందు చెరువు కట్టలాగా ఒక ఉబ్బు కూడా ఉంటుంది. ముందుకు ఈదుతున్నప్పుడు ఎదురొచ్చే అల ఆ కట్టకు తగిలి పక్కలకు చీలిపోతుంది.

మరి చిమ్మేది ఏమిటి? అది ఊపిరే. లోపల వెచ్చగా, తడిగా, ఒత్తిడితో ఉన్న గాలి ఒక్కసారిగా బయటికి దూసుకొచ్చి వ్యాకోచించి చల్లబడుతుంది, అందులోని ఆవిరి సన్నని తుంపరగా మారుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మన నోటి నుంచి పొగ వచ్చినట్టే ఇదీ జరుగుతుంది. అయితే వెచ్చని సముద్రాల్లో కూడా ఈ తుంపర స్పష్టంగా కనిపిస్తుంది, కాబట్టి ఆవిరి ఒక్కటే కారణమని చెప్పలేము. రంధ్రం చుట్టూ ఉన్న గుంటలో నిలిచిన కాసిని సముద్రపు నీళ్ళు ఆ గాలి విసురుకు తుంపరలై ఎగురుతాయి. ముక్కులోని చీమిడి కూడా వాటితో కలుస్తుంది. లోపల నిల్వ ఉన్న నీటిని అది పంపులా కొట్టడం మాత్రం ఎన్నడూ జరగదు. నీలి తిమింగలం విడిచే ఊపిరి సుమారు 9 మీటర్లు, అంటే మూడంతస్తుల ఇంటి ఎత్తు లేస్తుంది. దూరం నుంచి చూసినవారికి అది నీటి ధారలాగే కనబడుతుంది కనుక బొమ్మలు వేసినవారిని తప్పుపట్టలేము.

నీళ్ళు మింగినప్పుడు ఊపిరితిత్తుల్లోకి ఎందుకు పోవన్నది మీ రెండో ప్రశ్న. మనకు అన్నం పోయే దారి, గాలి పోయే దారి గొంతులో ఒకచోట ఒకదాన్నొకటి దాటుతాయి. ఒక మెతుకు దారి తప్పితే పొలమారుతుంది, ఎవరో తలుచుకుంటున్నారంటూ పెద్దవాళ్ళు నెత్తిమీద తడతారు. తిమింగలాల వర్గానికే చెందిన డాల్ఫిన్ల వంటి పళ్ళున్న జాతుల్లో స్వరపేటిక పైభాగం బాతు ముక్కులాగా పొడవుగా సాగి, పైనుంచి వచ్చే ముక్కు దారిలోకి దూరి ఉంటుంది. దాని చుట్టూ ఒక కండరం ఉంగరంలా బిగిసి ఉంటుంది. చేపను మింగినప్పుడు అది ఈ గొట్టానికి పక్కనుంచి కిందికి జారిపోతుంది. రెండు దారులూ దాదాపు వేరైపోయాయి కాబట్టి డాల్ఫిన్ మామూలుగా నోటితో ఊపిరి తీసుకోదు. పొలమారే ప్రమాదమూ దానికి మనకంటే చాలా తక్కువ. న్యూజిలాండ్ తీరంలో ముక్కు సరిగా పని చేయని ఒక హెక్టర్ డాల్ఫిన్ స్వరపేటికను ఆ ఉంగరం నుంచి తప్పించుకుని నోటితో ఊపిరి పీల్చడం పరిశోధకులు గమనించారు. అయితే ఎంతో అరుదు కనుకనే అది పత్రికలకెక్కింది.

పళ్ళు లేకుండా, దువ్వెన పళ్ళలాగా వేలాడే బలీన్ పలకలతో నీటిని వడగట్టి తినే పెద్ద తిమింగలాల విషయం వేరు. అవి తమ ఒంటి పరిమాణంతో పోల్చదగినంత నీటిని ఒక్క గుక్కలో నోట నింపుకుంటాయి. వాటి గొంతు ఎలా మూసుకుంటుందో చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫిన్ తిమింగలాల గొంతును కోసి పరిశీలించి, 2022లో దాన్ని వివరించారు. నోటికీ గొంతుకూ నడుమ కండరం, కొవ్వు కలిసిన పెద్ద బిరడా ఒకటి ఉంటుంది. నోటినిండా నీళ్ళున్నంతసేపు అది గొంతును మూసి ఉంచుతుంది. నీటిని బలీన్ గుండా బయటికి తోసేసి, మిగిలిన ఆహారాన్ని మింగేటప్పుడు ఆ బిరడా వెనక్కి, పైకి జరిగి ముక్కు దారికి అడ్డం పడుతుంది. అదే సమయంలో కింద స్వరపేటిక మూసుకుంటుంది. మనం మింగేటప్పుడు కొండనాలుక ఉన్న భాగం పైకి లేచి ముక్కు దారిని మూసేయడం ఇలాంటిదే. అద్దం ముందు నోరు తెరిచి మీ అబ్బాయికి కొండనాలుకను చూపించండి, సగం విషయం దానితోనే అర్థమవుతుంది.

జవాబు 2: ఓడ ఉద్యోగి, కల్వకుర్తి

సారు చెప్పినదానికి నేను చూసినది కలుపుతాను. నేను సరకు రవాణా ఓడల్లో పని చేస్తాను. శ్రీలంక దక్షిణ కొన దొండ్రా హెడ్ దగ్గర ఓడల దారి నీలి తిమింగలాలు తిరిగే చోటు మీదుగానే పోతుంది. అక్కడ తెల్లవారుజామున, పొద్దు ఇంకా వాలుగా ఉన్నప్పుడు, దూరంగా నీటిమీద ఒక తెల్లని స్తంభం నిలబడి క్షణంలో గాలికి వాలిపోవడం చాలాసార్లు చూశాను. మొదటిసారి చూసినప్పుడు నేను కూడా నీళ్ళే అనుకున్నాను.

ఒక సెలవులో మిరిస్సా నుంచి చిన్న పడవలో వెళ్ళినప్పుడే నా పొరపాటు తెలిసింది. పడవకు కొంత దూరంలో వీపు తేలింది. నెత్తిమీద మడత విచ్చుకున్నట్టు రెండు రంధ్రాలు తెరుచుకున్నాయి, లారీ గాలి బ్రేకు వదిలినప్పటి చప్పుడు అంతకు ఎన్నో రెట్లు పెద్దగా వినిపించింది. వెనువెంటనే గాలి లోపలికి లాగుకుంటున్న బోలు శబ్దం వచ్చింది, రంధ్రాలు మూసుకుపోయాయి. ఇదంతా రెండు మూడు సెకన్లలో ముగిసింది. తరువాత గాలి మావైపు తిరిగి ఆ తుంపర మా మీద పడింది. మొహాన నీళ్ళు కొట్టినట్టు లేదు, పొగమంచులో నిలబడినట్టుంది, కుళ్ళిన చేప వాసన వేసింది. నా కళ్ళద్దాలమీద జిడ్డు పొర మిగిలింది, చొక్కా అంచుతో ఎంత తుడిచినా అది పోలేదు. నీళ్ళు అయితే ఉప్పు మరక మిగలాలి, జిడ్డు మిగలదు కదా. అది అలా పది ఇరవై సెకన్లకొకసారి కొన్ని ఊపిర్లు తీసుకుని, చివరికి తోక పైకెత్తి మునిగింది. మళ్ళీ పైకి రావడానికి పది నిమిషాలకు పైగా పట్టింది.

ఇంకొక మాట. అనుభవమున్న నావికులు ఊపిరి ఆకారాన్ని బట్టి జాతిని చెప్పేస్తారు. నిటారుగా సన్నగా లేస్తే నీలి తిమింగలం, పొదలా గుబురుగా ఉంటే హంప్‌బ్యాక్, రెండు పాయలుగా చీలితే రైట్ తిమింగలం. స్పెర్మ్ తిమింగలానికి ఒకే రంధ్రం, అదీ తల ముందు కొసన ఎడమవైపు ఉంటుంది కాబట్టి దాని ఊపిరి ముందుకూ ఎడమకూ వాలి వస్తుంది. దాన్ని మరొకదానిగా పొరబడటానికి వీలే లేదు.

ప్రశ్న అడిగినవారు: ఉదయసముద్రం, నల్లగొండ

సారుకు, అన్నకు కృతజ్ఞతలు. నిన్న రాత్రి మొత్తం చదివి వినిపించాను. అద్దం ముందు కొండనాలుక పరిశీలన కూడా జరిగింది. కళ్ళద్దాలమీది జిడ్డు సంగతి విన్నాక వాడు నీళ్ళ ఫౌంటెన్‌ను రబ్బరుతో చెరిపేశాడు. అయితే ఇప్పుడు కొత్త ప్రశ్నలు పుట్టాయి. మేమిద్దరం ఊపిరి బిగబట్టి గడియారం చూసుకుంటే వాడు నలభై సెకన్లు, నేను ముప్పై సెకన్లు ఉండగలిగాము. మరి తిమింగలం గంటసేపు ఎలా ఉంటుంది? దాని ఊపిరితిత్తులు అంత పెద్దవా? నిద్రపోయినప్పుడు దాని సంగతేమిటి?

జవాబు 3: పశువైద్యుడు, దేవరకొండ

మేడం, నేను రోజూ చూసేది బర్రెలను, గొర్రెలను, మేకలను. తిమింగలాన్ని ముట్టుకున్నవాడిని కాను. అయినా పాలిచ్చే జంతువుల దేహధర్మం ఒకటే కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు రాయగలనని అనుకుంటున్నాను.

నీలి తిమింగలం ఊపిరితిత్తుల్లో సుమారు 5,000 లీటర్ల గాలి పడుతుంది. ఎండాకాలంలో వీధిలోకి వచ్చే పెద్ద నీళ్ళ ట్యాంకరు అంత అనుకోవచ్చు. వినడానికి చాలా పెద్దదే అయినా దాని ఒంటి బరువుతో పోల్చి చూస్తే మన ఊపిరితిత్తుల కంటే అవి పెద్దవేమీ కావు. చాలా లోతుకు మునిగే జాతుల్లో అయితే ఒంటిని బట్టి చూస్తే మరింత చిన్నవి. కాబట్టి రహస్యం ఊపిరితిత్తుల పరిమాణంలో లేదు.

మొదటి సంగతి, అది ఊపిరిని పూర్తిగా మార్చుకుంటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు గాలి మాత్రమే మారుతుంది. అది మన ఊపిరితిత్తుల్లో పట్టేదానిలో పదో వంతు కూడా కాదు. తిమింగలం ఒక్క ఊపిరిలో 80 నుంచి 90 శాతం దాకా పాత గాలిని బయటికి తోసేసి కొత్తది నింపుకుంటుంది. ఓడ ఉద్యోగి విన్న ఆ రెండు మూడు సెకన్ల చప్పుడులో జరిగింది అదే.

అసలు నిల్వ రక్తంలోనూ కండరాల్లోనూ ఉంటుంది. ఇంట్లో నాటుకోడి కోసినప్పుడు తొడ మాంసం ఎర్రగా, రొమ్ము మాంసం తెల్లగా ఉండటం అందరూ చూసే ఉంటారు. తొడ ఎక్కువసేపు పని చేసే కండ, దానిలో ప్రాణవాయువును పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువ. తిమింగలం కండలో ఈ మయోగ్లోబిన్ ఎంత ఎక్కువంటే మాంసం దాదాపు నల్లగా కనబడుతుంది. శాస్త్ర చరిత్రలో దీనికొక గౌరవమైన స్థానం ఉంది. ప్రపంచంలో త్రిమితీయ నిర్మాణం తెలిసిన మొట్టమొదటి ప్రోటీను స్పెర్మ్ తిమింగలం మయోగ్లోబినే. జాన్ కెండ్రూ 1958లో దాన్ని వెల్లడించి, 1962లో మాక్స్ పెరుట్జ్‌తో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నారు. పరిశోధనకు వారు తిమింగలాన్ని ఎంచుకోవడానికి కారణం దానిలో ఆ ప్రోటీను అంత సమృద్ధిగా దొరకడమే.

ఇక ఖర్చు తగ్గించుకోవడం. మునిగినప్పుడు గుండె నెమ్మదిస్తుంది. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో ఒక నీలి తిమింగలానికి గుండె కొలిచే పరికరాన్ని అంటించి చూస్తే, లోతులో నిమిషానికి రెండు సార్లకు కూడా పడిపోయిన గుండె, పైకి వచ్చి ఊపిరి తీసుకునేటప్పుడు నిమిషానికి 25 నుంచి 37 సార్లు కొట్టుకుంది. నేను స్టెతస్కోపు పెట్టి బర్రె గుండె వింటే నిమిషానికి యాభై అరవై సార్లు వినిపిస్తుంది. రెండు చప్పుళ్ళ మధ్య ముప్పై సెకన్లు నిశ్శబ్దంగా ఉండే గుండెను ఊహించుకుంటే నాకే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

లోతు విషయం మీ అబ్బాయికి అర్థమయ్యేలా ఇలా చెప్పండి. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. అలాంటివి ఎనిమిది ఒకదానిమీద ఒకటి నిలబెడితే స్పెర్మ్ తిమింగలం వేటకు దిగే సుమారు వెయ్యి మీటర్ల లోతు. అది అక్కడ ముప్పావుగంట సేపు తిరిగి వచ్చి, పైన ఎనిమిది పది నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్ళీ దిగుతుంది. క్యువియర్ ముక్కు తిమింగలం అనే మరొక జాతి 2,992 మీటర్ల లోతుకు దిగినట్టు 2014లో ప్రచురితమైంది. అంటే ఇరవై నాలుగు సాగర్ ఆనకట్టలు. అదే జాతిలో ఒకటి 3 గంటల 42 నిమిషాలు నీటి అడుగున ఉన్నట్టు 2020లో నమోదైంది. ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది గనుక అంత లోతులో మన పక్కటెముకలు విరిగిపోతాయి. తిమింగలం పక్కటెముకలు లోపలికి వంగుతాయి, ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి, మిగిలిన గాలి గట్టి మృదులాస్థి ఉన్న వాయునాళంలోకి చేరుతుంది. అందువల్ల నత్రజని రక్తంలోకి అంతగా చేరదు, మనుషులైన గజ ఈతగాళ్ళకు ఆ నత్రజని బుడగలు కట్టి వచ్చే జబ్బు వాటికి చాలావరకు తప్పుతుంది.

నా వృత్తికి సంబంధించిన ఒక విషయం చెప్పి ముగిస్తాను. బర్రె ఈనేటప్పుడు దూడ ముందుకాళ్ళు, తల ముందుగా రావాలి. వెనకకాళ్ళు ముందుగా వస్తే మేము కంగారు పడతాము, ఎందుకంటే తల ఇంకా లోపల ఉండగానే బొడ్డుతాడు నలిగితే దూడ అక్కడే ఊపిరి తీయబోయి ఉమ్మనీరు పీల్చి చనిపోతుంది. అలా రెండు చేతులతో పట్టి లాగి, వెనకకాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి, ముక్కులోని జిగురు వేలితో తీసి, గడ్డిపోచ పెట్టి తుమ్మించి బతికించిన దూడలు నా లెక్కలో చాలా ఉన్నాయి, దక్కనివీ ఉన్నాయి. తిమింగలాల్లో, డాల్ఫిన్లలో మాత్రం పిల్ల తరచుగా తోక ముందుగానే పుడుతుంది. అప్పుడు ఊపిరి రంధ్రం ఉన్న తల చివరగా బయటికి వస్తుంది. పుట్టిన పిల్ల వెంటనే నీటిపైకి వెళ్ళి మొదటి ఊపిరి తీయాలి. తల్లి దాని వెంటే ఉండి, అవసరమైతే కిందనుంచి పైకి తోస్తుంది.

జవాబు 4: డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

అందరి జవాబులూ చదివాను. ఒక అనుమానం మిగిలింది. అది గాలి పీల్చే జంతువే అయితే ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు ఎందుకు చనిపోతుంది? ఇసుకలో గాలి నిండుగా దొరుకుతుంది కదా? టీవీలో అలాంటి దృశ్యాలు చూసినప్పుడల్లా జనం బకెట్లతో నీళ్ళు పోయడం కనిపిస్తుంది, అది చేపలాగా నీళ్ళు లేక ఊపిరాడక చనిపోతోందని అనుకునేదాన్ని.

జవాబు 5: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

అమ్మాయీ, నీ అనుమానం సరైనదే. మన దేశంలోనే దీనికి బాధాకరమైన ఉదాహరణ ఉంది. తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా మనపాడు తీరంలో 2016 జనవరిలో ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డుకు చేరాయి. అదే తీరంలో 1973 జనవరిలో 147 వచ్చాయి. జాలరులు, అధికారులు కలిసి వాటిని లోతుకు తోసినా చాలా తిమింగలాలు మళ్ళీ ఒడ్డుకే తిరిగి వచ్చాయి.

నీటిలో ఉన్నంతకాలం దాని బరువును నీరే మోస్తుంది. ఇసుకమీద పడ్డాక ఆ బరువంతా దాని సొంత ఛాతీమీద, అవయవాలమీద పడుతుంది, ఒక్కో ఊపిరికీ ఆ బరువును ఎత్తి పీల్చవలసి వస్తుంది. చర్మం కింద మందపాటి కొవ్వు పొర ఉంది గనుక చల్లని నీటిలో ప్రాణం కాపాడిన ఆ పొరే ఎండలో దాన్ని లోపలినుంచి ఉడికిస్తుంది. జనం నీళ్ళు పోసేది ఒళ్ళు చల్లబరచడానికే. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఊపిరి రంధ్రంమీద మాత్రం నీళ్ళు పోయకూడదు, తడిగుడ్డ కప్పకూడదు, ఇసుక పడనివ్వకూడదు. పక్కకు ఒరిగి పడి ఉన్న తిమింగలం రంధ్రంలోకి పోటు నీరు ఎక్కితే అది మునిగి చనిపోతుంది. సముద్రంలో పుట్టి పెరిగిన జంతువు నీటిలో మునిగి చనిపోవడం అనే మాట విడ్డూరంగా అనిపిస్తుంది గాని, దానికి ఉన్నది ముక్కేనని గుర్తు పెట్టుకుంటే అందులో వింత లేదు.

నిద్ర గురించి అడిగినవారికి చెబుతున్నాను. నిద్రలో మన ఊపిరి దానంతట అది ఆడుతుంది. డాల్ఫిన్‌కు ప్రతి ఊపిరీ తెలిసి తీసుకునేదే, పైకి వచ్చి, ముక్కు నీటిపైన ఉందని తెలుసుకుని తెరవాలి. అందుకే దాని మెదడులో ఒక సగం నిద్రపోతే రెండో సగం మెలకువగా ఉంటుంది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, వంతులవారీగా అవి నిద్రపోతాయి. పొలానికి నీళ్ళు పెట్టే రాత్రి అన్నదమ్ములిద్దరు వంతులేసుకుని మోటారు కాపలా కాసినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. స్పెర్మ్ తిమింగలాలు మాత్రం నీటిపైభాగానికి దగ్గరగా నిలువు స్తంభాల్లా గుంపుగా నిలబడి కొద్ది నిమిషాలు కదలకుండా నిద్రపోవడాన్ని శాస్త్రవేత్తలు 2008లో వివరించారు.

బర్రెకు చుట్టమని అన్న మాట బాకీ ఉంది. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతపు రాళ్ళలో దొరికిన ఎముకలకు భూగర్భశాస్త్రవేత్త ఎ. రంగారావు 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. అది చిన్న జింకలాంటి గిట్టల జంతువు. ఆయన సేకరించిన రాళ్ళలోని పుర్రెల చెవి ఎముకలను పరిశీలించి, అది తిమింగలాలకు దగ్గరి బంధువని వేరే శాస్త్రవేత్తలు 2007లో తేల్చారు. సుమారు 5 కోట్ల సంవత్సరాల నాటి పాకిసీటస్ అనే పూర్వీకుడికి ముక్కు ఇంకా మూతి చివరనే ఉండేది. తరువాతి శిలాజాల్లో అది మెల్లగా వెనక్కి జరుగుతూ వచ్చి, చివరికి నడినెత్తికి చేరింది. ఈ ప్రయాణం ఇప్పటికీ ప్రతి తిమింగలం కడుపులోని పిండంలో జరుగుతుంది. మొదట్లో పిండానికి ముక్కు మూతి కొసన ఉంటుంది, పెరుగుతున్న కొద్దీ పైకి జరుగుతుంది. నేను పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క బొమ్మకే బోర్డంతా వాడేవాడిని.

సముద్రం దాకా పోలేనివారు ఈ ఊపిరిని గంగానదిలో కూడా చూడవచ్చు. 2009లో జాతీయ జలచరంగా ప్రకటించిన గంగానది డాల్ఫిన్ ఒకటి రెండు నిమిషాలకోసారి పైకి వచ్చి సూసుమని ఊపిరి తీస్తుంది. ఆ చప్పుడును బట్టే అక్కడివారు దాన్ని సూసు అని పిలుస్తారు. బీహార్‌లో భాగల్‌పూర్ దగ్గర విక్రమశిల పేరుతో దానికొక అభయారణ్యమే ఉంది.

ప్రశ్న అడిగినవారు: ఉదయసముద్రం, నల్లగొండ

అందరికీ మరోసారి కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మళ్ళీ చెరువు కట్టమీదికి వెళ్ళాము. ఒక బర్రె నీటిలో తల ముంచి లేపినప్పుడు బుస్సుమని ముక్కులో నుంచి తుంపర ఎగిరితే, మా వాడు నా చెయ్యి గుంజి "చూడమ్మా, అది నీళ్ళు కాదు" అన్నాడు. ఇప్పుడు చార్టులో ఫౌంటెన్ స్థానంలో తెల్లని పొగమంచులాంటి ఊపిరిని దూదితో అంటిస్తున్నాడు. ఒక్క చిన్న సందేహం తీర్చండి. తలమీద ఒక రంధ్రం గీయాలా, రెండా?

జవాబు 6: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, మహబూబ్‌నగర్

నోరు చూసి గీయమనండి. నోట్లో పళ్ళు వేసి ఉంటే ఒకటే రంధ్రం. పళ్ళకు బదులు దువ్వెన పళ్ళలాగా వేలాడే బలీన్ పలకలు వేసి ఉంటే రెండు, మన ముక్కుపుటాల మాదిరిగా పక్కపక్కనే గీయాలి. స్పెర్మ్ తిమింగలమైతే రంధ్రాన్ని తల ముందు కొసన ఎడమవైపుకు జరిపి, దూదిని ముందుకూ ఎడమకూ వాలేలా అంటించమని చెప్పండి.